పసుపు బొట్టు పెట్టిన ఫుట్‌బాల్ బూట్లు

"ఏమే, ఈపొద్దు నీ బూట్లు ఏ దేశానికి పోతాయి?"

"నాకేం తెలుసయ్యా? దబరాలో ఉప్మా ఉండాది, తినేసి అంగడి తెరువు."

"తింటాలే. నువ్వు ఎక్కు, బస్సాయన అరస్తా ఉండాడు."

ఇవే నేనూ మా ఇంటాయనా ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు. వడమాలపేటలో మెయిన్ రోడ్డు మీద, కంపెనీ బస్సు నిలబడే తావున. నేను ఎక్కి కూర్చోని కిటికీలోనించి చూస్తే ఆయప్ప అప్పటికే వెనక్కి తిరిగి నడస్తా ఉండాడు, భుజం మీద తువాల ఏసుకోని. మళ్ళా తిరిగి చూడలేదు. చూసే పనేముండాది, సాయంత్రానికి వచ్చేసేదే కదా నేను.

ఏ దేశానికని దినమూ అడుగుతా ఉండినాడు. నిజంగానే నాకు తెల్దు. నాది బూట్లకు అడుగు అంటించే పని, అట్టపెట్టెల్లో పెట్టేది ఇంకో హాలు. ఇప్పుడు ఆ హాల్లో పనిచేసే పిల్లని బస్సులో అడిగి తెలుసుకుంటా. నిన్న పోలండు అనింది. మొన్న బ్రెజిలు. ఇంటికొచ్చి చెప్దామంటే మనిషి లేడు.

నేను చెప్తా ఉండా, మా ఆడబిడ్డ కూతురు రాస్తా ఉండాది. నాకు సంతకం వస్తాది, అంకెలొస్తాయి, అంతే. గొంతు బొంగురుగా ఉండాదని ఈ పిల్ల ఎగతాళి చేస్తాది. గమ్ము వాసన పీల్చి పీల్చి అట్లయింది, ఏడ్చి కాదు. యాలా రాయిస్తా ఉండానంటే, మా కాపరంలో ఒక పది నిమిషాలు ఉండాయి. వాటికి ఫోటో లేదు. ఎవురి ఫోనులోనూ లేదు. నా తలకాయలో మాత్రమే ఉండాయి. అవి నా దగ్గిరనించి జారిపోతాయేమో అని ఈ మధ్య భయం పట్టుకుండాది.

మా ఆయనది పంచర్ అంగడి. పుత్తూరు పోయే రోడ్డులో, రేకుల కింద. వయసులో ఉండంగా మద్రాసుకి పోయి హార్బరు దగ్గిర మూటలు మోసినాడు. ఆడ ఉత్తరం పక్క పేటల్లో పిల్లోళ్ళు నడక రాకముందే బంతిని తన్నతారంట. వాండ్ల సావాసంతో ఈయనకీ ఫుట్‌బాల్ పట్టుకునింది. మూటల పని వదిలేసి ఊరికొచ్చినాడు గానీ, అది మాత్రం వదల్లేదు. మా పక్క ఎవురిని చూసినా క్రికెట్టే. ఈయన ఒకడే పిచ్చోని మాదిరి సాయంత్రమయితే బంతి చంకలో పెట్టుకోని పోతా ఉండినాడు.

మామిడికాయ మార్కెట్టు వెనక బీడుండాది. కాయల కాలంలో లారీలు నిలిచేది ఆడనే. కాయ అయిపోతే ఆ బీడు వీళ్ళది. ఆటో నడిపేవాళ్ళు, రసం ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, అట్ల పదిమందిని ఎట్లనో పోగేసినాడు. తిరపతిలో గుళ్ళో వంటశాలకి పోయే అయ్యోరు ఒకాయన గోలు కాసేవాడు. పంచె ఎగ్గట్టి, పిలక ముడేసి. ఆయన బంతిని చేత్తో ముట్టే ముందర అడుగుతాడు.

"ఏమప్పా, ఇది తోలా?"

"తోలు యాడిది స్వామీ, అంతా ప్లాస్టిక్కే. చైనాది."

"చైనాదయితే పర్వాలేదు," అని పట్టుకుంటాడు.

ఓట్లు వచ్చినప్పుడు ఒక పార్టీవాళ్ళు ఊరూరికీ క్రికెట్ బ్యాట్లు పంచినారు. మా ఆయన పోయి మాకు ఫుట్‌బాల్ కావాలన్నాడు. వాళ్ళు దానికీ ఒప్పుకున్నారు. రెండు దినాలకి బంతి వచ్చింది. చూస్తే దాని మీద వాళ్ళ నాయకుడి మొగం అంటించుండాది, నవ్వతా, దండం పెడతా.

"అన్నా, మొగం మీద తన్నేదెట్లన్నా?" అన్నాడు మా ఆయన.

వచ్చినాయన శానాసేపు ఆలోచన చేసి, "పక్కల్లో తన్నండప్పా, మెల్లిగా," అన్నాడు.

ఊరంతా వారం దినాలు నవ్వింది. అది తెలిసి ఇంకో పార్టీవాళ్ళు వాళ్ళ నాయకుడి మొగంతో ఇంకో బంతి పంపించినారు. ఇంక ఈ పక్క వాళ్ళు ఆ బంతిని తన్నరు, ఆ పక్క వాళ్ళు ఈ బంతిని తన్నరు. బంతులు రెండయినాయి, ఆట నిలిచిపోయింది. మా ఆయన రెండిటినీ అంగడికి తెచ్చి, పెట్రోలు గుడ్డతో తుడిచి తుడిచి మొగాలు తీసేసినాడు. రెండూ తెల్లగా అయిపోయినాయి. ఏది ఎవురిదో ఆయనకి కూడా తెల్దు. మరుసటి దినం అందురూ వచ్చినారు.

నేను కంపెనీకి పోయేది మొదులుపెట్టింది ఆ తరవాతనే. శ్రీ సిటీ పక్కన పైదేశం వాళ్ళు బూట్ల ఫ్యాక్టరీ పెట్టుండారు, ఆడవాళ్ళనే తీసుకుంటారని ఊళ్ళో చెప్పుకున్నారు. పుత్తూరు, పిచ్చాటూరు, సత్యవేడు మీద బస్సులో రెండు గంటలు. మా అత్త ఒప్పుకోలేదు. "మన ఇంట్లో ఆడది చెప్పులు కుట్టే పనికి పోతాదా? నలుగురిలో తలెత్తుకునేదెట్ల?" అనింది. చెప్పులు కుట్టేవాళ్ళని మా వాళ్ళు అరుగెక్కనిచ్చేవాళ్ళు కాదు. అది ఒప్పని నేను చెప్పను, జరిగింది చెప్తా ఉండా.

మా ఆయన బువ్వ తిన్న తట్టలో చెయ్యి కడుక్కుంటా, "నేను దినమూ లారీ టైర్లు ఒళ్ళో పెట్టుకుంటా. అవి యాడ యాడ ఏమేమి తొక్కి వచ్చినాయో ఒగ దినమన్నా అడిగినావా మా?" అన్నాడు. అత్త పోనిచ్చింది. అయినా నేను పని నించి వస్తే స్నానం చేసినాకనే వంటింట్లోకి రానిచ్చేది. ఇప్పుడు చూస్తే మా బస్సులో అన్ని ఇండ్ల ఆడపిల్లలూ ఉండారు. ఒకే డబ్బాలో చింతాకు పొడి ఒకరికొకరు పెట్టుకుంటారు.

నా పని ఏందంటే, ప్లాస్టిక్ పాదం ఒకటి ఇస్తారు. దానికి బూటు పైభాగం తొడిగుంటాది. అడుగుకి గమ్ము పూసి, ముల్లుముల్లుగా ఉండే ఆ అడుగుని దానికి అతికించి మిషన్లో ఒత్తాల. తోలు తమిళనాడులో ఆంబూరు నించి వస్తాదంట, అడుగు ఇంకో దేశం నించి, దారాలు ఇంకో దేశం నించి. అన్నీ వచ్చి నా చేతిలో కలుస్తాయి, మళ్ళా ఏదో దేశానికి పోతాయి. అవి ఏసుకునేవాళ్ళు ఎవురో, ఎట్లుంటారో.

అవి ఫుట్‌బాల్ బూట్లని చెప్పిన దినం మా ఆయన మొగం చూడాల. బువ్వ తినేది నిలిపేసినాడు. "ముళ్ళు ఎన్నుంటాయి? గుండ్రంగానా, పలకలుగానా? కాలికి పట్టినట్టుంటాదా?" ఒకటే అడగడం. ఈయన ఆడేది ఒట్టి కాళ్ళతో. లేకపోతే చినిగిపోయిన కేన్వాస్ బూట్లు. కుడికాలి బొటనేలి గోరు ఎప్పుడూ నల్లగా కమిలి ఉంటాది.

అప్పుడు పుట్టింది నాకు ఆశ. నా చేత్తో చేసిన జత ఒకటి ఈయన కాళ్ళకి తొడగాలని. అంగడిలో కొనేదానికి మా వల్ల అయ్యేది కాదు, అది అనుకునేది కూడా లేదు. కంపెనీలో అయితే గేటు కాడ తనిఖీ. బూటు కాదు గదా, లేసు ముక్క కూడా బయటికి పోదు.

ఒక ఆదివారం మధ్యాన్నం ఆయన పండుకోనుంటే దారంతో కాలు కొలిచినాను. కొలత కాడ ముడేసి, ఆ దారాన్ని గాజుకి చుట్టుకోని పోయినాను. లైనులో ఒకొక్క ప్లాస్టిక్ పాదానికీ పెట్టి చూస్తే తొమ్మిది నంబరు సరిపోయింది. మా సూపర్వైజరు చూసి వచ్చి తిట్టింది.

ఆ పిల్లది వియత్నాం. మాకు పని నేర్పించేదానికి వాళ్ళ దేశం నించి పంపించినారు. పొట్టిగా, నా భుజానికి వస్తాది. మేమంతా సిన్నమేడం అంటాము. తెలుగులో ఆయమ్మ మొట్టమొదట నేర్చుకున్న మాట "తొందరగా". రెండో మాట "అక్కా". ఆ రెండిటితోనే లైను మొత్తం నడిపేది. నేను దారం చూపించి, గేటు పక్కకి చెయ్యి చూపించి, మీసం తిప్పినట్టు చేసి చూపిస్తే, మొగుడిదని అర్థమయింది. నవ్వింది గానీ దారం విప్పేయమని సైగ చేసింది.

ఇంక జరిగిన తప్పు చెప్పాల. ఆయుధ పూజ దినం. కంపెనీవాళ్ళు మిషన్లకి పూజ చేసుకోండని ఒప్పుకున్నారు. మేము పొద్దున్నే పసుపూ కుంకుమా, పూలూ, బొరుగులూ, బెల్లమూ అన్నీ తెచ్చుకున్నాము. మిషన్లకి బొట్లు పెట్టినాము, దీపం ముట్టించనీలేదు, కర్పూరం గేటు కాడనే పట్టుకున్నారు. నా పళ్ళెంలో ఇంకా పసుపు మిగిలిపోయుండాది. పక్కన చూస్తే బండి మీద వరసగా బూట్లు, తయారై నిలబడుండాయి. తెల్లగా, ముచ్చటగా. పని ముట్లకి పెట్టినాము, చేసిన పనికి పెట్టకుంటే ఎట్ల? ఇంట్లో అయినా అంతే కదా, కొత్తది ఏది వచ్చినా బొట్టు పెట్టకుండా వాడము. నేనే మొదులుపెట్టినాను. నాలిక మీద, అంటే లేసుల కింద ఉండే ఆ పట్టీ మీద, పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. నన్ను చూసి పక్కామె, ఆమెని చూసి ఇంకొకామె. బండి మొత్తం పెట్టేసినాము. ఎంత బాగుండాయో అప్పుడు, పెండ్లికూతుర్ల మాదిరి.

సిన్నమేడం వచ్చి చూసి నిలబడిపోయింది. తడిగుడ్డతో తుడిస్తే పసుపు ఇంకా పాకింది. తెల్ల బూట్ల మీద పసుపు పోతాదా? పెద్ద సారు వచ్చినాడు, ఇంకా పెద్ద సారు వచ్చినాడు. బండి మొత్తం ఎర్ర డబ్బాలోకి పోయింది. ఎర్ర డబ్బా అంటే పనికిరానివి. వాటిని ఎవురూ ఏసుకోకుండా మిషన్లో పెట్టి రెండు ముక్కలుగా కోసేస్తారు. ఎవురు మొదులుపెట్టినారని అడిగితే నేను చెయ్యెత్తినాను. తిట్టినారు, సంతకం పెట్టించుకున్నారు. ఇంటికి పోయి చెప్తే మా ఆయన గోడకి ఆనుకోని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. "బంతి మీద మొగం వాళ్ళు పెట్టినారు, బూటు మీద బొట్టు నువ్వు పెట్టినావు. ఇంక ఎవురు తన్నతారే?"

ఆ వచ్చిన ఆదివారం కంపెనీలో ఫ్యామిలీ డే పెట్టినారు. ఇంట్లో వాళ్ళని తీసుకోనొచ్చి చూపించుకోవచ్చు. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకోని, నున్నగా గడ్డం గీసుకోని వచ్చినాడు. గేటు కాడ అందరి ఫోన్లూ తీసి పెట్టుకున్నారు. నా తావు చూపించినాను. ప్లాస్టిక్ పాదాన్ని చేత్తో పట్టుకోని తిప్పి తిప్పి చూసి, "ఇన్ని కాళ్ళు పట్టుకుంటావు దినమూ, ఇంటికొచ్చి నా కాళ్ళు పట్టమంటే మాత్రం నీకు అలుపు," అన్నాడు. పక్కన ఆడవాళ్ళు కిసుక్కున నవ్వినారు. నేను మోచేత్తో పొడిచినాను.

సిన్నమేడం ఆయన్నీ చూసింది, ఆయన కాళ్ళనీ చూసింది. కాల్తో తన్నినట్టు సైగ చేసి కనుబొమ్మలెగరేసింది. ఈయన "గోల్ మేడం, గోల్!" అన్నాడు. ఆయమ్మ మొగం ఎట్ల వెలిగిందో చెప్పలేను. వాళ్ళ దేశంలో ఫుట్‌బాల్ అంటే అందరికీ ప్రాణమంట, అది నాకు తరవాత తెలిసింది. గిరుక్కున తిరిగి జాలీ తలుపు తీసి లోపలికి పోయింది. ఎర్ర డబ్బా ఉండేది ఆడనే, ఇంకా కోయలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఒక జత. తొమ్మిది నంబరు. బొట్టు మీద వేలు పెట్టి నా పక్క చూసి నవ్వి, "అక్కా, తొందరగా," అనింది.

జెండా కట్టే స్తంభం పక్కన కొంచెం గడ్డి పెంచుండారు. ఆడికి పోయినాము. ఆయన చెప్పులు విడిచి, తువాలతో కాళ్ళు తుడుచుకోని కింద కూర్చున్నాడు. బూటు చేతిలోకి తీసుకోని, బొట్టు చూసి ఆగిపోయినాడు.

"పసుపు కుంకుమ పెట్టినదాన్ని కాలికెట్లనే ఏసుకునేది?"

"లారీ టైర్లకి పెట్టి రోడ్డు మీద తిప్పేయరా?"

బొట్టుని తాకి కళ్ళకద్దుకోని తొడుక్కున్నాడు. లేసులు కట్టుకునేది రాలేదు, అవి శానా పొడుగు. నేను కింద కూర్చోని కట్టినాను. "లేయ్, ఎవురన్నా చూస్తారు," అంటా ఉండాడు. చూడనీ అనుకున్నాను.

పిల్లోళ్ళ ఆటలకి తెచ్చిన బంతి ఒకటుండాది. చెత్త డబ్బాలు రెండు పెట్టి వాటి మధ్య సిన్నమేడం నిలబడింది, మోకాళ్ళు వంచి, చేతులు చాపి. మా ఆయన రెండడుగులు వెనక్కి పోయినాడు. గడ్డి పక్కన సిమెంటు మీద ఆ ముళ్ళు టకటకా అన్నాయి. ఎడమకాలితో తన్నినాడు. స్తంభానికి తగిలి వచ్చింది. రెండోది ఆయమ్మ పట్టేసింది, పట్టి ఎగిరింది. మూడోది డబ్బాల మధ్యలోనించి పోయి గోడకి కొట్టుకునింది. తెల్ల చొక్కా వెనక తడిసిపోయుండాది. నా దగ్గిరికి వచ్చి ఊపిరి ఎగబీలస్తా, "ఏమే, కాలికి ఏమీ ఏసుకోనట్టే ఉండాది," అన్నాడు. ఇంత ప్రపంచం తిరిగే బూట్ల గురించి నేను విన్న మాట అదొక్కటే.

పది నిమిషాలుంటాది. అన్నానికి సైరన్ కొట్టినారు. ఆయన విప్పి, అడుగున గడ్డీ మన్నూ తువాలతో తుడిచి, రెండు చేతులతో సిన్నమేడంకి ఇచ్చినాడు.

సోమవారం వాటిని కోసినారు. కోసే మిషను మీద ఉండేది నాతోపాటు బస్సులో వచ్చే ఆమె. "అక్కా, మొగం ఆ పక్క తిప్పుకో," అనింది. నేను తిప్పుకోలేదు. ఇంటికి పోయి చెప్తే, "పోనీలే, వేరే దేశానికి పోలేదు గదా, అవి మనవే," అన్నాడు.

కాయల కాలం వచ్చింది. మొదట చెప్పినానే, ఆ దినం రోడ్డు మీద నన్ను బస్సు ఎక్కించి పోయినాడు, అంగడి తెరిచినాడు. ఉప్మా తిన్నాడంట, అదొకటి నయం. లారీ ట్యూబు నీళ్ళల్లో ముంచి బుడగలు చూస్తా చూస్తా, గుండెలో నొప్పని పక్కకి కూర్చున్నాడంట. ఆటో పిల్లోళ్ళు తిరపతి ఆసుపత్రికి ఎత్తుకోని పోయినారు. కంపెనీలో మా ఫోన్లు అల్మారాలో పెట్టి తాళమేస్తారు. అన్నం పొద్దుకి తెరిచి చూస్తే వరసగా పిలుపులు. నేను అంకెలు చదవగలను, ఎన్నో లెక్కపెట్టలేదు. సిన్నమేడం నన్ను పట్టుకోని బయటికి తీసుకొచ్చి కంపెనీ కారులో కూర్చోబెట్టింది. డ్రైవరుతో ఆ ఒక్క మాటే అనింది, "తొందరగా, తొందరగా."

నేను పోయేసరికి అయిపోయింది. గుడ్డ కప్పుండారు. కాళ్ళు మాత్రం బయటికి ఉండాయి. నల్లగా కమిలిన గోరు. ఆ గోరు మీద చెయ్యి పెట్టుకోని కూర్చున్నాను.

కర్మకాండలయి మళ్ళా పనికి పోయినాను. సిన్నమేడం వాళ్ళ దేశానికి పోయింది. ఆ ఏడు ఆయుధ పూజ వచ్చినప్పుడు, బూట్ల మీద బొట్లు పడకుండా ఒకరిని కాపలా పెట్టాలన్నారు. అందురూ ఒకరి మొగం ఒకరు చూసుకోని నన్ను చూసినారు. కుంకుమ పళ్ళెం ఇంక నా చేతికి ఎట్లాగూ ఇయ్యరు, అందుకే కాపలా నాకిచ్చినారు. బండి ముందర కుర్చీ ఏసుకోని కూర్చున్నాను. ఆ తెల్ల బూట్లు అట్లనే బోసిగా నన్ను చూస్తా ఉండాయి. కోపం రాలేదు. ఆయన ఉంటే ఇది చెప్పి నవ్వించేదాన్ని కదా అనిపించింది.

ఇప్పుడు ఈ పిల్ల ఫోనులో మ్యాచ్‌లు చూస్తే నేనూ పక్కన కూర్చుంటా. ఎవురు గెలిచినా నాకొకటే. కాళ్ళే చూస్తా. మా లైను బూట్లు కనిపిస్తాయి ఒకోసారి, తెల్లోళ్ళ కాళ్ళకి, నల్లోళ్ళ కాళ్ళకి. ఎంత పరుగులు పెడతాయో. ఎవురి కాళ్ళకి చూసినా ఆ కాళ్ళు కావు.

మొన్న పని చేస్తా చేస్తా ఆ పది నిమిషాలూ మనసులో తిప్పుకుంటా ఉంటే ఒక తావున ఆగిపోయినాను. ఆయన ముందు తన్నింది ఏ కాలితో? ఇందాక ఎడమ అని చెప్పినట్టుండా. మొన్న కుడి అనిపించింది. గోరు కమిలింది కుడికాలిది, మరి తన్నేది ఆ కాలితోనే కదా ఉండాల? అడిగేదానికి సిన్నమేడం యాడుందో తెల్దు, ఫోటో లేదు. నేను ఏది చెప్తే అదే ఇంక నిజమయిపోతాది.

అమ్మీ, రాసింది ఆపు. జెండా స్తంభం కాడికి పోయి, ఆయన కింద కూర్చున్న తావు నించి సదువు. మెల్లిగా సదువు, నీ తొందర పెట్టుకోవద్దు. నేను కళ్ళు మూసుకోని ఆయన కాళ్ళు చూస్తా ఉంటా. తప్పుంటే చెప్తా, దిద్దుదువు.